గొలుసు కథల గ్రూపులో నా భాగం మీదే ఎందుకు పడుతున్నారు? ఒక పాత అడ్మిన్ సమాధానం

గాజువాక నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. నాలుగు నెలలుగా ఆన్‌లైన్‌లో ఒక గొలుసు కథల గ్రూపులో రాస్తున్నారట. ఒకరు ఒక భాగం రాస్తే ఇంకొకరు అందుకుంటారు, అలా అందరూ కలిసి ఒక నవల నడుపుతున్నారు. ఈయన ఏం రాసినా అదే ఐదుగురు వచ్చి "కథ చెడింది", "ఫ్లో పోయింది" అంటారు, వాళ్లలో వాళ్లు ఏం రాసుకున్నా మాత్రం అద్భుతం. పైగా ఈయన రాసిన ఏడో భాగంలో ఒక పాత్ర "బేగి రాయే" అంటే, దాన్ని ఈయనకు ఒక్క మాట చెప్పకుండా "త్వరగా రా" అని మార్చేశారు. ఇది ముఠానా, నిజంగానే నాకు రాయడం రాదా, ఉండాలా పోవాలా అని ప్రశ్న.

సూటిగా చెప్తానండీ. మీరు చెప్పినదాన్ని బట్టి అక్కడ ముఠా ఉంది, నాకు అనుమానం లేదు. కానీ ముఠా ఉన్నంత మాత్రాన వాళ్లు చెప్పిందంతా తప్పు అయిపోదు, మీ భాగంలో లోపం ఉన్నంత మాత్రాన వాళ్లు చేసేది న్యాయమూ అయిపోదు. ఈ రెండిటినీ విడదీసి చూస్తే తప్ప మీకు మనశ్శాంతి ఉండదు. ముందు మీ ఏడో భాగాన్ని పేరు లేకుండా, ఆ గ్రూపుతో సంబంధం లేని ఇద్దరి చేత చదివించండి. తరవాత గ్రూపులో మనుషుల గురించి కాకుండా పద్ధతి గురించి ఒక్కసారి గట్టిగా అడగండి. ఇంకో మూడు భాగాల వరకు చూడండి. అప్పటికీ మారకపోతే మీవి మీరు తీసుకుని బయటికి వచ్చేయండి. చెప్పకుండా మీ వాక్యం మార్చిన విషయానికి మాత్రం మూడు భాగాల గడువు అక్కర్లేదు. దానికి ఇవాళే అభ్యంతరం చెప్పండి.

ఇది ఎందుకు ఇంత ధైర్యంగా చెప్తున్నానంటే, నేను రెండు వైపులా ఉన్నాను. లేఖిని అనే తెలుగు టైపింగ్ పరికరంలో టైప్ చేసి, మన బ్లాగు టపా కూడలి అనే బ్లాగుల సంకలిని సైటులో కనబడితే సంబరపడే రోజుల నుంచి ఆన్‌లైన్‌లో రాస్తున్నాను. తరవాత ఇక్కడ విశాఖ ఎంవీపీ కాలనీలో ఇంట్లో కూర్చునే తొమ్మిదేళ్లు ఒక గొలుసు కథల గ్రూపుకి అడ్మిన్‌గా ఉన్నాను. ఆ గ్రూపులో ముఠా ఉండేది. అందులో నేనూ ఒకదాన్ని.

ముఠా కట్టాలని ఎవరూ కట్టరండీ. మేం ఐదుగురం మొదటి నుంచి ఉన్నవాళ్లం. ఒకరి రాతలు ఒకరు చదివాం, ఒకరి ఇంట్లో పెళ్లికి ఇంకొకరు వెళ్లాం, ఆదివారాలు ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో సభ ఉంటే కలిసి వెళ్లి ఆ తర్వాత బీచ్‌రోడ్డులో గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్లం. అడ్మిన్ పనుల కోసమని ఐదుగురికీ వేరే వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. ఎవరి వంతు ఎప్పుడు, ఏ భాగం ఆలస్యమైంది, ఇలాంటివే మొదట్లో. కొన్నాళ్లకి "కొత్తావిడ భాగం చూశారా?" అనే మాట అక్కడ మొదలైంది. ఒకరు "బాలేదు" అంటారు, మిగిలిన నలుగురం అప్పటికి ఇంకా చదివి కూడా ఉండం, కానీ ఆ మాట చెవిలో పడిపోయింది కదా, ఆ తర్వాత చదివితే బాగాలేనట్టే కనబడుతుంది. అప్పుడు అసలు గ్రూపులోకి వచ్చి ఒకరి తర్వాత ఒకరం అదే మాట చెప్పేవాళ్లం. ఆవిడకి కనబడేది ఐదుగురి అభిప్రాయం. నిజానికి అది ఒక్కరి అభిప్రాయం, ఐదు నోళ్లతో వచ్చింది.

2015లో శ్రీకాకుళం వైపు అమ్మాయి ఒకరు మా గ్రూపులో చేరారు. మూడు భాగాలు రాశారు. మూడింటికీ ఇదే జరిగింది. నాలుగోసారి తన వంతు వచ్చినప్పుడు "నా బదులు ఇంకెవరైనా రాయండి మేడం" అని ఒక్క లైను పెట్టి వెళ్లిపోయారు. రెండేళ్ల తర్వాత పాత కథలన్నీ ఒక ఫైలుగా కూర్చుతూ ఆ మూడు భాగాలూ మళ్లీ చదివాను. రెండో భాగం మొత్తం కథలోనే మంచి భాగం. జాలరిపేటలో తుఫాను హెచ్చరిక వచ్చిన రాత్రి ఒక ముసలామె పొయ్యి ఆర్పకుండా కూర్చుంటుంది, అంతే, ఏమీ జరగదు. మేం ఆ రోజు "కథ ముందుకు కదల్లేదు" అని రాశాం. ఆమెకి క్షమాపణ చెప్తూ మెసేజ్ పెట్టాను. "ఇప్పుడు రాయడం లేదు మేడం, పర్లేదు" అని జవాబు వచ్చింది. ఆ "పర్లేదు" నన్ను ఇప్పటికీ వదల్లేదు. మీ ప్రశ్న చూడగానే ఇంత పొడుగ్గా రాయడానికి కూర్చోడానికి అసలు కారణం అదే.

అందుకే అంటున్నాను, స్నేహం తప్పు కాదు, కలిసి రాసేవాళ్లు స్నేహితులు కాకుండా ఎలా ఉంటారు. తీర్పు వెనకగదిలో తయారై ముందుగదిలోకి రావడం తప్పు. జో ఫ్రీమన్ అనే అమెరికన్ స్త్రీవాది 1970లోనే ఇది చెప్పారు. మాకు నాయకులు లేరు, నియమాలు లేవు, అందరం సమానమే అనుకునే బృందాల్లో పెత్తనం పోదు, అది కనబడకుండా స్నేహితుల వలయంలోకి వెళ్లిపోతుంది, నియమాలు లోపలివాళ్లకి మాత్రమే తెలుస్తాయి, బయటివాళ్లు ఏదో జరుగుతోందని అనుమానపడుతూ ఉండిపోతారు అని. "మన గ్రూపులో రూల్సేం లేవండీ, అందరం ఒక కుటుంబం" అని ఎక్కడైనా కనబడితే నేను ఇప్పుడు జాగ్రత్త పడతాను. కుటుంబంలో కొత్తకోడలి సంగతి మనకి తెలిసిందే కదా.

ఇంకో విషయం, మొదటి కామెంటు. దీని బలం చాలామందికి తెలియదు. 2013లో సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఒక వార్తల సైటులో ఐదు నెలల పాటు లక్షకు పైగా కామెంట్ల మీద ప్రయోగం చేశారు. కొన్ని కామెంట్లకి పెట్టీ పెట్టగానే, అందులో ఏముందో చూడకుండా, ఒక్క ప్లస్ ఓటు వేశారు. ఆ ఒక్క ఓటు పడిన కామెంట్లకి చివరికి వచ్చిన స్కోరు సగటున 25 శాతం ఎక్కువ. ఊరికే వేసిన మైనస్ ఓటుని మాత్రం తరవాత వచ్చిన జనం సరిచేశారట. వేలమంది తిరిగే సైటు కాబట్టి అలా సరిచేసేవాళ్లు దొరికారు. మన నలభై మంది గ్రూపులో ఆ జనం ఎక్కడున్నారు? పాతవాళ్లు "బాలేదు" అన్నాక కొత్తవాళ్లెవరూ "నాకు నచ్చింది" అనరు. నచ్చినవాళ్లు ఊరుకుంటారు, ఆ మౌనాన్ని కూడా మీరు నచ్చలేదనే లెక్క వేసుకుంటారు.

ఇక్కడే మీకు ఒక దారి ఉంది. సాలమన్ ఆష్ 1950లలో చేసిన ప్రయోగం చాలామంది చదివే ఉంటారు. గీతల పొడవు చెప్పాలి, జవాబు కంటికి కనబడుతూనే ఉంటుంది, కానీ ముందు కూర్చున్నవాళ్లంతా కావాలనే తప్పు చెప్తారు. పాల్గొన్నవాళ్లలో నాలుగింట మూడొంతుల మంది కనీసం ఒక్కసారైనా గుంపుతో పాటు తప్పు జవాబే చెప్పారు. కానీ గుంపులో ఒక్కరు నిజం చెప్పినా చాలు, అలా లొంగిపోవడం బాగా తగ్గిపోయింది. కాబట్టి మీ ఐదుగురినీ మార్చాలని చూడకండి. ఒక్కరిని వెతకండి. మీ భాగానికి ఏ మాటా అనకుండా ఊరికే లైకు కొట్టి వెళ్లిపోయే మనిషి ఒకరుంటారు ప్రతి గ్రూపులో. వాళ్లకి విడిగా మెసేజ్ పెట్టి, ఫిర్యాదు చెయ్యకుండా, "ఏడో భాగంలో మీకు ఎక్కడ ఆగిపోవాలనిపించింది?" అని అడగండి. మెచ్చుకోమని అడగకండి, ఎక్కడ ఆగారో అడగండి. తరవాత వాళ్ల భాగానికి మీరూ అదే శ్రద్ధతో చదివి రాయండి.

ఇప్పుడు రెండో వైపు. ఇది మీకు కొంచెం కష్టంగా ఉండొచ్చు. మా గ్రూపులో రిటైరైన ఇంజనీరు గారు ఒకరు ఉండేవారు. ఆయనా మీలాగే "నా మీదే పడుతున్నారు" అనేవారు. నిజమే, ఆయన మీద ఎవరికీ ఇష్టం లేదు, మనిషి కొంచెం కటువు. కానీ ఆయన భాగాలు ముందు భాగాలు చదవకుండా రాసేవారు. మూడో భాగంలో కూతురి పెళ్లికి విజయనగరం బయల్దేరిన తల్లిని, ఈయన ఐదో భాగంలో పదేళ్ల క్రితమే చనిపోయినట్టు రాశారు. దాన్ని సరిచెయ్యమంటే ముఠా అన్నారు. సొంత కథ అయితే మన ఇష్టం, గొలుసు కథలో మన భాగానికి ముందు ఒకరి కష్టం ఉంది, వెనక ఒకరి వంతు ఉంది. ఆ అతుకు గురించి వచ్చే విమర్శ మీకు ఎంత కఠినంగా వినిపించినా, ఎవరి నోటి నుంచి వచ్చినా, అది న్యాయమైన విమర్శే. ఒకరోజు ఆయనతో ఫోన్‌లో "మీ మీద ఇష్టం లేకపోవడమూ నిజమే సార్, ఆ తల్లి సంగతి తప్పు కావడమూ నిజమే" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత భాగం రాసే ముందు మొత్తం కథ ప్రింటు తీయించుకున్నారు.

మరి ఏది న్యాయం, ఏది కాదు అని ఎలా తెలుస్తుంది అంటే, నేను చూసేది ఒక్కటే. ఆ విమర్శ ఒక వాక్యాన్ని వేలుపెట్టి చూపిస్తోందా? "రెండో పేరాలో అతను బస్సు దిగాడు, నాలుగో పేరాలో మళ్లీ బస్సులోనే ఉన్నాడు" అంటే తీసుకోండి. "ఏదో మిస్సయింది", "మన గ్రూపు స్థాయికి లేదు", "ఇంకా నేర్చుకోవాలి" అంటే ఏ వాక్యం అని మర్యాదగా అడగండి. చెప్పగలిగితే మంచిదే. చెప్పలేకపోతే అది మీ భాగం గురించి కాదు, మీ గురించి. ఇంకా అనుమానంగా ఉంటే, వాళ్లలో ఒకరు రాసిన భాగంలో అదే తప్పు ఉందేమో చూడండి. ఉండి, దానికి హృదయం గుర్తులు పడ్డాయంటే ఇక ఆలోచించక్కర్లేదు. స్క్రీన్‌షాట్ తీసి మీ దగ్గర ఉంచుకోండి, గ్రూపులో పెట్టకండి. పెడితే ఆ రోజు నుంచి చర్చ కథ గురించి కాకుండా మీ ప్రవర్తన గురించి అవుతుంది.

భాష సంగతికి వస్తాను, ఇది నాకు చాలా దగ్గర విషయం. మన ఉత్తరాంధ్ర మాట "బేగి" తప్పు కాదు. మన విశాఖలో వకీలుగా ఉంటూ రాసిన రావిశాస్త్రి గారు ఈ వీధుల మాటని, కోర్టు వరండాల మాటని కథల్లోకి తెచ్చి తెలుగు కథ స్థాయినే పెంచారు. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారిది మన శ్రీకాకుళం ప్రాంతమే, ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటున్నాం. ఆ రోజు గ్రూపుల్లో అందరూ దండలేసిన ఫొటో పెడతారు, మర్నాడు "బేగి"ని కొట్టేస్తారు. నాకు కోపం వస్తుంది, దాచుకోను.

అయితే ఒక్కటి చూసుకోండి. ఆ పాత్ర మొదటి ఆరు భాగాల్లో ఎలా మాట్లాడింది? ఆమెది పెందుర్తి అని ముందే ఉంటే "బేగి" అనే తీరాలి, మిగిలిన ఆరుగురే తప్పు రాసినట్టు. ఆరు భాగాల పాటు "త్వరగా" అన్న మనిషి ఏడో భాగంలో హఠాత్తుగా "బేగి" అంటే మాత్రం చదివేవాళ్లు తడబడతారు. అప్పుడు అడగాల్సింది "నా భాషని ఎందుకు తీసేశారు" అని కాదు, "ఈమె ఊరేదో అందరం కలిసి తేల్చుకుందాం" అని. ఈ ప్రశ్నకి ముఠా దగ్గర సులువైన జవాబు ఉండదు, ఎందుకంటే ఇది కథ గురించిన ప్రశ్న.

చెప్పకుండా మార్చడం గురించి. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. రాసినవాళ్లకి తమ రచన తమదని చెప్పుకునే హక్కు, తమ పరువుకి భంగం కలిగేలా దాన్ని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు 57వ సెక్షన్‌లో ఉన్నాయి. హక్కులు వేరేవాళ్లకి బదిలీ కావాలంటే రాతపూర్వకంగా ఉండాలి, రాసినవాళ్ల సంతకం ఉండాలి, అది 19వ సెక్షన్. ఎవరి వంతు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో విడిగా కనబడుతున్న గొలుసు కథలో మీ భాగం మీదే. ఒక్క "బేగి" కోసం కోర్టుకి వెళ్లమని కాదు నేను చెప్పేది. మీరు అడుగుతున్నది దయ కాదని మీకు తెలియాలి కాబట్టి చెప్తున్నాను. గూగుల్ డాక్స్‌లో రాస్తుంటే వెర్షన్ హిస్టరీలో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో ఉంటుంది. లేకపోయినా మీ భాగం పంపిన రోజే ఒక కాపీ మీ మెయిల్‌కి మీరే పంపుకోండి.

గ్రూపులో ఏమని అడగాలో తెలియక చాలామంది ఆగిపోతారు. నేనైతే ఇలా రాస్తాను: "అందరికీ నమస్కారం. ఏడో భాగంలో నా వాక్యం ఒకటి నాకు చెప్పకుండా మారింది, దాన్ని వెనక్కి పెట్టమని కోరుతున్నాను. ఇకపై ఎవరి భాగంలో మార్పు కావాలన్నా రాసినవాళ్లని అడిగాకే చేద్దాం. ఇంకో ప్రతిపాదన. భాగం పెట్టిన మొదటి రెండు రోజులు అభిప్రాయాలన్నీ అడ్మిన్‌కి విడిగా పంపుదాం, మూడో రోజు అన్నీ ఒకేసారి పెడదాం." ఇంతే. పేర్లు లేవు, ముఠా అన్న మాట లేదు. ముఠా అన్న మాట ఒక్కసారి వాడారంటే, ఇంతవరకు మీ వైపు ఉన్నవాళ్లు కూడా "నన్నా అన్నది" అని సర్దుకుని కూర్చుంటారు. రాత్రి పదకొండింటికి వచ్చిన కామెంటుకి రాత్రే జవాబు రాయకండి కూడా. టెన్షన్‌లో రాసింది మీ మీదే వాడతారు.

ఆ రెండు రోజుల పద్ధతి నేను ఊహించి చెప్పడం లేదు. ఆ శ్రీకాకుళం అమ్మాయి భాగాలు మళ్లీ చదివాక మా గ్రూపులో పెట్టించాను. తరవాతి కథకి మూడు నెలల పాటు పేర్లు కూడా దాచాను, భాగాలన్నీ నాకే వచ్చేవి, నేనే పెట్టేదాన్ని. శైలిని బట్టి కొందరిని గుర్తుపట్టేశారు, పూర్తిగా దాచడం కుదరదు. అయినా తేడా కనబడింది. మాలో అందరికంటే సీనియర్ రాసిన భాగానికి "సంభాషణలు ఉపన్యాసంలా ఉన్నాయి" అని నలుగురు విడివిడిగా రాశారు. ఏడేళ్లలో ఆయనకి ఆ మాట ఎవరూ చెప్పలేదు. ఆయన నొచ్చుకున్నారు, నెల రోజులు నాతో మాట్లాడలేదు, కానీ ఆ తరవాత ఆయన సంభాషణలు మారాయి. ఇది చూశాక నాకు అర్థమైంది, ముఠా వల్ల నష్టం బయటివాళ్లకే అనుకుంటాం గానీ, లోపలివాళ్లకి ఏళ్ల తరబడి ఒక్క నిజమైన మాట కూడా అందదు.

పెద్ద చోట్ల కూడా ఈ బాధ తప్పలేదండీ. 2008 నుంచి నడుస్తున్న ఎస్‌సీపీ వికీ అనే సైటులో వందలమంది కలిసి ఒకే ఊహాలోకాన్ని రాస్తారు. అక్కడ పాఠకుల ఓట్లు మైనస్ పదికి పడిపోతే ఆ పేజీని తీసేస్తారు. కఠినమే, కానీ ఆ అంకె అందరికీ ముందే తెలుసు. వికీపీడియాలో ప్రతి మార్పుకీ చరిత్ర ఉంటుంది, గొడవ పడాలంటే చర్చ పేజీ ఉంది, తెలుగు వికీలో అయితే రచ్చబండ అనే చర్చా వేదిక ఉంది. కొత్తవాళ్ల మీద విరుచుకుపడొద్దని ఇంగ్లీషు వికీలో రాసిపెట్టుకున్న మార్గదర్శకమే ఉంది. అయినా అక్కడ మంచి ఉద్దేశంతో వచ్చిన కొత్తవాళ్ల మార్పుల్ని కూడా తిప్పికొట్టడం వల్ల వాళ్లు నిలబడటం లేదని 2013లో పరిశోధకులు తేల్చారు. రాసిపెట్టుకుంటే అన్నీ బాగుపడవు, కానీ రాసి లేకపోతే అడగడానికి ఆధారమే ఉండదు.

మూడు భాగాల తర్వాత కూడా ఏ వాక్యమో చెప్పకుండానే "బాలేదు" అంటున్నారు, మార్చింది వెనక్కి పెట్టలేదు, మీ వంతు ఏదో ఒక సాకుతో వెనక్కి జరుగుతోంది అంటే వచ్చేయండి. పెద్ద వీడ్కోలు పోస్టు వద్దు. నలుగురైదుగురితో కొత్తది మొదలుపెట్టండి. కానీ ఏడాది తిరిగేసరికి మీ నలుగురే కొత్తవాళ్లకి ముఠాలా కనబడతారు, ఇది తప్పదు, అందుకే మొదటి రోజే ఒక పేజీ రాసుకోండి. వంతు ఎవరు నిర్ణయిస్తారు, మార్పులు ఎవరు చెయ్యొచ్చు, అభిప్రాయాలు ఎప్పుడు పెట్టాలి, అడ్మిన్ ఆరు నెలలకొకసారి మారాలి. అడ్మిన్‌లకి వేరే వాట్సాప్ గ్రూపు ఉంటే అందులో రచనల గురించి మాట్లాడకూడదు అని కూడా రాయండి. మాకు అది రాసుకోవాలని తట్టలేదు.

అభిప్రాయం చెప్పే పద్ధతికి నేను లిజ్ లెర్మన్ అనే నృత్యకారిణి 1990లో రూపొందించింది వాడతాను, నాట్యం కోసం చేసింది గానీ రాతకి బాగా పనికొస్తుంది. ముందు చదివినవాళ్లు తమకి ఏది మనసులో నిలిచిందో చెప్తారు. తర్వాత రాసినవాళ్లే తమ సందేహాలు అడుగుతారు. ఆ తర్వాత చదివినవాళ్లు ప్రశ్నలు అడుగుతారు, ప్రశ్నలో అభిప్రాయం దూర్చకూడదు. "ఇంత నీరసంగా ఎందుకు ముగించారు" అనేది ప్రశ్న కాదు, "ముగింపులో చదివేవాళ్లకి ఏం మిగలాలనుకున్నారు" అనేది ప్రశ్న. ఆఖర్న "ఆ ముసలామె గురించి ఒక అభిప్రాయం ఉంది, చెప్పొచ్చా?" అని అడిగి, సరే అంటేనే చెప్తారు. వాట్సాప్‌లో ఇది నెమ్మదిగా నడుస్తుంది, నలుగురూ కలిసి కూర్చోగలిగితే గంటలో అయిపోతుంది. ఆ అమ్మాయి తుఫాను రాత్రి భాగానికి మేం ఈ మొదటి మెట్టు ఒక్కటి పాటించి ఉన్నా, ఆరని పొయ్యి గురించి ఎవరో ఒకరం చెప్పి ఉండేవాళ్లం.

మీ ఏడో భాగాన్ని, దానికి ముందున్న ఆరో భాగం చివరి పేరాతో కలిపి ఇక్కడ పెట్టండి. గ్రూపు పేరు, మనుషుల పేర్లు తీసెయ్యండి. మీరు రాసింది రాసినట్టే, "బేగి"తో సహా. ఆదివారం పొద్దున్న కూర్చుని చదువుతాను, ఏ వాక్యం దగ్గర ఆగానో చెప్తాను.